మబ్బులో నమ్మదగిన సాక్షులు

విమానం నడపడం నేర్చుకునేవాళ్ళకు మొదటి నెలల్లో ఇన్‌స్ట్రక్టర్ పదే పదే చెప్పేది ఒకటే: బయటకు చూడు. నేల, ఆకాశం కలిసే దిగంత రేఖ ఎక్కడుందో చూడు. అది విమానం ముక్కుకు పైన ఉందా, కింద ఉందా? ఎటైనా ఒరిగిందా? పైకి పోతున్నామో, కిందికి దిగుతున్నామో, ఏ రెక్క వాలిందో అదే చెబుతుంది. ఆ రేఖను కంటితో పట్టుకోవడం వచ్చిన రోజున విద్యార్థికి విమానం మీద పట్టు చిక్కినట్టే.

కొన్ని నెలలు గడిచాక అదే ఇన్‌స్ట్రక్టర్ విద్యార్థి నుదుటికి ముందుకు పొడుచుకొచ్చిన హుడ్ ఒకటి తగిలిస్తారు. దాంతో కిటికీలోంచి ఏమీ కనిపించదు. ముందున్న డయళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ శిక్షణ ఇక్కడే మొదలవుతుంది. మబ్బుల్లో, పొగమంచులో, చంద్రుడు లేని రాత్రి అడవుల మీద విమానాన్ని సురక్షితంగా నడిపించే విద్య ఇది. మన ఒంటికి పుట్టుకతో వచ్చిన ఒక జ్ఞానేంద్రియాన్ని నమ్మకుండా ఉండడం నేర్పే విద్య కూడా.

హైదరాబాద్‌లో ఈ చదువుకు బేగంపేట కేంద్రం. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలై ప్రయాణికుల విమానాలన్నీ అటు తరలిపోయాయి. శిక్షణ విమానాలు మాత్రం బేగంపేట రన్‌వేను వదల్లేదు. తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉన్నది ఇక్కడే. అంబర్‌పేట్‌లో ఇల్లు, ఉస్మానియా క్యాంపస్‌లో చదువు, బేగంపేటలో ఫ్లయింగ్ ఉన్న ఒక విద్యార్థినిని ఊహించుకుని ఈ అధ్యాయంలో ఆమె వెంట నడుద్దాం. ఆమెనే ఎందుకంటే, ఆమె ముందున్న డయళ్ళు ఏ శాస్త్రాల మీద ఆధారపడ్డాయో ఆ శాస్త్రాలను పరిశోధించే సంస్థలు క్యాంపస్‌లోనూ, తార్నాక దాటితే వచ్చే హబ్సిగూడలోనూ ఉన్నాయి. భూమి అయస్కాంతత్వాన్నీ, వాతావరణపు పై పొరల్లో రేడియో తరంగాల నడకనూ అక్కడ దశాబ్దాలుగా కొలుస్తున్నారు.

178 సెకన్లు

హుడ్ లేకుండా, శిక్షణ లేకుండా మబ్బులోకి వెళ్తే ఏమవుతుంది? 1954లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. పరికరాల ఆధారంగా ఎగిరిన అనుభవం లేని 20 మందిని ఎంచుకుని, ఒక్కొక్కరినీ బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా విమానంలో కూర్చోబెట్టి, బయటి దృశ్యం కనబడకుండా చేశారు. 20 మందీ అదుపు తప్పారు. వాళ్ళలో 19 మంది విమానాలు సుడి తిరుగుతూ దిగసాగాయి. మిగిలిన ఒక్కరి విమానం ముక్కు నిటారుగా లేచి వేగం కోల్పోయింది. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ అందుకోకపోతే ప్రమాదమే. అదుపు తప్పడానికి పట్టిన సమయం సగటున 178 సెకన్లు. అంటే మూడు నిమిషాలు కూడా కాదు.

ఆ సుడి ఎలా మొదలవుతుందో చూస్తే ఇందులోని ప్రమాదం అర్థమవుతుంది. ముందు ఒక రెక్క చాలా నెమ్మదిగా, పైలట్‌కు తెలియనంత నెమ్మదిగా వాలుతుంది. ఒరిగిన విమానం తిరగడం మొదలుపెడుతుంది, ముక్కు కొంచెం దిగుతుంది, వేగం పెరుగుతుంది. పైలట్‌కు ఇంజను హోరు పెరిగినట్టు వినిపిస్తుంది, ఎత్తు తగ్గుతున్నట్టు కనిపిస్తుంది. రెక్కలు సమంగానే ఉన్నాయి, ముక్కు మాత్రమే దిగిందనుకుని కంట్రోల్ కాలమ్‌ను వెనక్కి లాగుతాడు. కానీ విమానం ఒరిగి ఉంది కాబట్టి, ఆ లాగుడు ముక్కును లేపకుండా మలుపును మరింత బిగిస్తుంది. ఇంకా దిగుతుంది, ఇంకా లాగుతాడు. చేసే ప్రతి ప్రయత్నమూ ప్రమాదాన్ని పెంచుతూ పోతుంది.

ఆ పరిశోధన ఉద్దేశం భయపెట్టడం కాదు. పొరపాటున మబ్బులో చిక్కినవాళ్ళు నెమ్మదిగా 180 డిగ్రీలు తిరిగి వచ్చిన దారినే బయటపడే పద్ధతిని నేర్పవచ్చా అని చూడడం. కొద్ది గంటల శిక్షణ తర్వాత దాదాపు అందరూ దాన్ని చక్కగా చేసి చూపించారు. మొదట విఫలమైనవాళ్ళూ, తర్వాత నెగ్గినవాళ్ళూ ఒకరే. మధ్యలో మారింది వాళ్ళు దేన్ని నమ్మారన్నదొక్కటే.

చెవి చెప్పే సాక్ష్యం

మన లోపలి చెవిలో వినికిడికి సంబంధం లేని ఒక భాగం ఉంది. మూడు అర్ధవృత్తాకార నాళాలు, ఒకదానికొకటి దాదాపు లంబంగా అమరి ఉంటాయి. వాటినిండా ఎండోలింఫ్ అనే ద్రవం. ప్రతి నాళంలోనూ ద్రవానికి అడ్డుగా కుపులా అనే మెత్తటి పొర, దాని అడుగున సన్నని రోమ కణాలు ఉంటాయి. తల తిరిగితే నాళం గోడలు తలతోపాటు కదులుతాయి, ద్రవం మాత్రం కాస్త వెనకబడుతుంది. కుపులా వంగుతుంది. ఆ వంపే మెదడుకు ‘తిరుగుతున్నాం’ అనే కబురు.

చిక్కు ఏమిటంటే, బకెట్‌ను గుండ్రంగా తిప్పుతూనే ఉంటే లోపలి నీళ్ళు కూడా కాసేపటికి బకెట్‌తోపాటే తిరిగినట్టు, ఈ ద్రవం కూడా నాళం వేగాన్ని అందుకుంటుంది. కుపులా నిటారుగా అయిపోతుంది. 10 నుంచి 20 సెకన్లు ఒకే వేగంతో తిరిగితే చాలు, మెదడుకు తిరుగుతున్న కబురు ఆగిపోతుంది. ఇప్పుడు మలుపు ఆపితే ద్రవం ఇంకా ముందుకే సాగుతుంది, కుపులా రెండో వైపు వంగుతుంది. మలుపు ఆపిన పైలట్‌కు ఎదురు దిక్కుకు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. దాన్ని సరిచేయబోయి మళ్ళీ పాత మలుపులోకే వెళ్తాడు.

దీన్ని ఎవరైనా ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఎటు తిరుగుతున్నట్టు అనిపిస్తే అటు బొటనవేలు చూపించండి. పక్కవాళ్ళు కుర్చీని ఒకే వేగంతో నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. కాసేపటికి తిరుగుతూ ఉండగానే మీ వేలు నిటారుగా నిలబడుతుంది. కుర్చీ ఆపగానే వేలు ఎదురు దిక్కు చూపిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళకు కుర్చీ ఆగి ఉన్నట్టు కనిపిస్తున్నా, మీకు తిరుగుతున్నట్టే ఉంటుంది. వెంటనే లేవకండి, తూలిపడతారు.

లోపలి చెవిలో మరో భాగం ఆటోలిత్‌లు. కాల్షియం కార్బొనేట్ స్ఫటికాల బరువుతో అవి గురుత్వాకర్షణ దిశను గుర్తిస్తాయి. ఇవి కూడా మోసపోతాయి. విమానం రన్‌వే మీద సెకనుకు సెకనుకు 2 మీటర్ల చొప్పున వేగం పుంజుకుంటే, ఆ వెనక్కి తోసే బలమూ భూమి ఆకర్షణా కలిసి, ముక్కు సుమారు 11 డిగ్రీలు పైకి లేచినట్టు భ్రమ కలిగిస్తాయి. చీకట్లో టేకాఫ్ చేసిన పైలట్ ఆ భ్రమను నమ్మి ముక్కు దించితే కింద నేల సిద్ధంగా ఉంటుంది.

కుర్చీలో ఒళ్ళు బరువెక్కడాన్ని బట్టి మలుపు తెలియదా అని అడగొచ్చు. లెక్క చూద్దాం. పరికరాల మీద ఎగిరేటప్పుడు మలుపును సెకనుకు 3 డిగ్రీలకు పరిమితం చేస్తారు. అంటే ఒక పూర్తి చుట్టుకు 2 నిమిషాలు. గంటకు 90 నాటికల్ మైళ్ళ వేగంతో వెళ్ళే శిక్షణ విమానం ఈ మలుపుకు సుమారు 14 డిగ్రీలు ఒరిగితే చాలు. సరిగా ఒరిగిన మలుపులో బలాలన్నీ కలిసి నేరుగా సీటు అడుగుకే నొక్కుతాయి. పెరిగే బరువు 3 శాతం. 60 కిలోల మనిషికి రెండు కిలోల లోపే. ఈ తేడాను శరీరం కనిపెట్టలేదు. చెవి అబద్ధం చెప్పాలని చెప్పదు. నేల మీద నడిచే జంతువు కోసం రూపొందిన ఇంద్రియం అది. దాని సాక్ష్యం నేల మీదే చెల్లుతుంది.

కుర్చీ నుంచి కాక్‌పిట్‌కు

ఈ సంగతి పైలట్లకే మొదట నచ్చలేదు. మంచి పైలట్ సీటులో కూర్చున్న స్పర్శతోనే విమానాన్ని నడపగలడని వాళ్ళ నమ్మకం. 1926లో అమెరికా సైన్యపు పైలట్ విలియం ఆకర్ వైద్య పరీక్షలో బారనీ కుర్చీలో కూర్చున్నాడు. లోపలి చెవి మీద చేసిన పరిశోధనకు 1914 నోబెల్ బహుమతి పొందిన రాబర్ట్ బారనీ పేరున్న కుర్చీ అది. కళ్ళు మూసుకుని ఏ దిక్కుకు తిరుగుతున్నానో చెప్పబోయి ఆకర్ తప్పాడు. అంత అనుభవం ఉన్నవాడు అక్కడితో ఆగలేదు. మలుపును చూపే టర్న్ ఇండికేటర్‌ను ఒక పెట్టెలో అమర్చి, అందులోకి చూస్తూ మళ్ళీ కుర్చీలో తిరిగాడు. ఈసారి ప్రతి జవాబూ సరిపోయింది. తప్పు మనిషిది కాదు, ఆధారానిది అని ఆయన గ్రహించాడు. తోటి పైలట్ కార్ల్ క్రేన్‌తో కలిసి 1932లో ఈ విద్య మీద పుస్తకం కూడా రాశాడు.

1929 సెప్టెంబర్ 24న న్యూయార్క్ దగ్గరి మిచెల్ ఫీల్డ్‌లో పైలట్ జిమ్మీ డూలిటిల్ కాక్‌పిట్‌ను పూర్తిగా కప్పించుకుని విమానం లేపి, చుట్టు తిరిగి, దించాడు. ముందు సీటులో మరో పైలట్ అవసరం పడితే అందుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు కానీ ఆ అవసరం రాలేదు. డూలిటిల్ ముందున్నవి స్పెర్రీ తయారు చేసిన కృత్రిమ దిగంతం, దిక్కు చూపే గైరో, కోల్స్‌మన్ చేసిన సున్నితమైన ఆల్టీమీటర్, రేడియో సంకేతాలు.

ఈ పరికరాలు రెండు దశాబ్దాలు తిరక్కుండానే హైదరాబాద్ ఆకాశంలో రోజువారీ పనిలోకి వచ్చాయి. 1945లో మొదలై, 1953లో జాతీయం అయ్యేదాకా నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా డకోటా విమానాలు నడిపింది. ప్రేమ్ మాథుర్ మన దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్. ఇతర కంపెనీలు ఆమెను తిరస్కరిస్తే ఉద్యోగం ఇచ్చింది ఈ హైదరాబాద్ కంపెనీయే. మబ్బులో పరికరం ముందు కూర్చున్నది ఆడో మగో పరికరానికి తెలియదు. ఆ మాట ఒప్పుకోవడానికి మనుషులకు ఎక్కువ కాలం పట్టింది.

ఆరు డయళ్ళు

మన విద్యార్థిని ముందు ఆరు డయళ్ళున్నాయి. కొత్త విమానాల్లో ఇవన్నీ ఒకే తెర మీదికి వచ్చాయి కానీ సమాచారం అదే. పై వరుసలో వేగం, కృత్రిమ దిగంతం, ఎత్తు. కింది వరుసలో మలుపు రేటు, దిక్కు, ఎక్కే లేదా దిగే రేటు. వాటిలో మూడు గాలి పీడనాన్ని చదువుతాయి, మూడు గైరోల మీద పనిచేస్తాయి. ఒక గైరోకు శక్తి ఆగినా మరోటి పనిచేసేలా చాలా విమానాల్లో గైరోలకు శక్తి అందే మార్గాలను కూడా వేరు చేస్తారు.

ఆల్టీమీటర్ నిజానికి ఎత్తును కొలవదు, గాలి పీడనాన్ని కొలిచి ఎత్తుగా చెబుతుంది. దిగువ ఎత్తుల్లో సుమారు 28 అడుగులకు ఒక హెక్టోపాస్కల్ చొప్పున పీడనం తగ్గుతుంది. అందుకే ఎగిరే ముందు స్థానిక పీడనాన్ని రేడియోలో అడిగి డయల్ మీద పెట్టాలి. అది సరిగా పెడితే బేగంపేటలో నేల మీద నిలబడ్డ విమానం ఆల్టీమీటర్ సుమారు 1,740 అడుగులు చూపాలి, ఎందుకంటే నగరం సముద్ర మట్టం కన్నా అంత ఎత్తున ఉంది. వానాకాలంలో పీడనం పడిపోతుంది. 10 హెక్టోపాస్కల్‌ల తేడాను మరచిపోతే దాదాపు 280 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. మబ్బులో దిగేటప్పుడు ఇరవై అంతస్తులకు మించిన ఎత్తు అది.

గైరో అంటే వేగంగా గిర్రున తిరిగే చక్రం. తిరిగే చక్రం తన ఇరుసు దిశను అంతరిక్షంలో నిలుపుకుంటుంది. ఇక్కడో విశేషం ఉంది. దిశ నిలుపుకునేది అంతరిక్షంలో, కానీ కింద భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతోంది. అందువల్ల దిక్కు చూపే గైరో భూమితో పోలిస్తే మెల్లగా జరిగిపోతున్నట్టు కనిపిస్తుంది. ధ్రువం దగ్గర గంటకు 15 డిగ్రీలు, భూమధ్యరేఖ మీద సున్నా. 17.4 డిగ్రీల అక్షాంశం మీదున్న హైదరాబాద్‌లో గంటకు సుమారు 4.5 డిగ్రీలు. బేరింగుల రాపిడి దీనికి అదనం. 4.5 డిగ్రీల తప్పుతో 100 కిలోమీటర్లు వెళ్తే దాదాపు 8 కిలోమీటర్లు పక్కకు చేరతాం. అందుకే పావుగంటకోసారి గైరోను అయస్కాంత దిక్సూచితో సరిచూసుకోవాలి. భూమి తిరుగుతోందని పుస్తకంలో చదివిన విద్యార్థిని దాన్ని తన డయల్ మీద స్వయంగా సరిదిద్దుతుంది.

మరి ఆ దిక్సూచి సంగతి? భూమి అయస్కాంత ఉత్తరం, భౌగోళిక ఉత్తరం ఒకటి కావు, ఆ తేడా ఏళ్ళు గడిచేకొద్దీ మారుతుంది కూడా. హబ్సిగూడలో 1961లో ఏర్పడ్డ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, 1964 నుంచి హైదరాబాద్ అయస్కాంత వేధశాలను నడుపుతోంది. ప్రపంచంలోని ఇలాంటి వేధశాలల కొలతలూ, ఉపగ్రహాల కొలతలూ కలిస్తేనే పటాల మీద ముద్రించే అయస్కాంత విచలనం అంకెలు తయారవుతాయి. హైదరాబాద్‌లో ఈ తేడా సుమారు ఒక డిగ్రీ. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస దగ్గర సాగుతుంది కాబట్టి ఇక్కడ సూది కిందికి వంగడం కూడా ఐరోపాలో కన్నా బాగా తక్కువ. ఆ మేరకు, మలుపుల్లో దిక్సూచి చూపే తప్పు కూడా మన దగ్గర చిన్నది.

హుడ్ కింద

శిక్షణ మొదటి గంటలు అలసట పుట్టిస్తాయి. విద్యార్థినికి ఎత్తు నిలపమని చెబుతారు. ఆమె ఆల్టీమీటర్ వైపే చూస్తూ ఎత్తును అంగుళం కదలకుండా నిలుపుతుంది. అప్పుడు దిక్కు 20 డిగ్రీలు తప్పి ఉంటుంది. దిక్కు సరిచేయడానికి పోతే వేగం తగ్గిపోయి ఉంటుంది. దీన్ని ఫిక్సేషన్ అంటారు, ఒకే డయల్‌కు చూపు అతుక్కుపోవడం. విరుగుడు స్కాన్: చూపు కృత్రిమ దిగంతం మీద మొదలై, ఒక్కో డయల్ దగ్గరకు వెళ్ళి, ప్రతిసారీ మళ్ళీ దిగంతం దగ్గరకే రావాలి. ఒక డయల్ చెప్పినదాన్ని మరో డయల్‌తో పోల్చాలి. రెక్కలు సమంగా ఉన్నాయని దిగంతం చెబుతుంటే, దిక్కు కదలకూడదు, మలుపు సూది మధ్యలో ఉండాలి. ముగ్గురూ ఒకే మాట చెబితే నమ్మొచ్చు. ఒకరు వేరుగా చెబితే మిగతా ఇద్దరిని అడగాలి.

కొన్ని గంటలకు చేతులు కుదురుకుంటాయి. అప్పుడు ఇన్‌స్ట్రక్టర్ కృత్రిమ దిగంతాన్నీ, దిక్కు గైరోనూ కప్పేస్తారు. మిగిలిన డయళ్ళతో, దిక్సూచితో, చేతి గడియారంతో విమానాన్ని నడపాలి. 30 డిగ్రీలు తిరగాలంటే సెకనుకు 3 డిగ్రీల మలుపులో 10 సెకన్లు లెక్కపెట్టాలి. ఆ తర్వాత మరో పాఠం: విద్యార్థిని కళ్ళు మూసుకుని తల దించుకుంటే, ఇన్‌స్ట్రక్టర్ విమానాన్ని ఎటో ఒరగదీసి, ‘ఇప్పుడు సరిచెయ్యి’ అంటారు. కళ్ళు తెరవగానే ఒళ్ళు ఒకటి చెబుతుంది, డయళ్ళు మరొకటి చెబుతాయి. వేగం పెరుగుతోందంటే ముందు పవర్ తగ్గించాలి, తర్వాత రెక్కలు సమం చేయాలి, చివరగా ముక్కు లేపాలి. ఈ క్రమం తప్పితే ఇలినాయ్ పరిశోధనలోని సుడే ఎదురవుతుంది.

ఈ పాఠాల విలువ మన దేశం చాలా పెద్ద మూల్యం చెల్లించి తెలుసుకుంది. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయ్‌కి బయల్దేరిన ఎయిర్ ఇండియా 855, ‘ఎంపరర్ అశోకా’ అనే బోయింగ్ 747, టేకాఫ్ అయిన రెండు నిమిషాల్లోపే అరేబియా సముద్రంలో కూలింది. 213 మంది చనిపోయారు. కెప్టెన్ ముందున్న దిగంత సూచిక పాడై, విమానం కుడివైపు ఒరిగే ఉన్నట్టు చూపించింది. ఆయన ఎడమకు తిప్పుతూ పోయాడు. కింద చీకటి సముద్రం, బయట దిగంతం లేదు. కానీ అదే కాక్‌పిట్‌లో సరిగా పనిచేస్తున్న వేరే సూచికలున్నాయి. వాటితో పోల్చి చూసే వ్యవధి వాళ్ళకు చిక్కలేదు. పరికరాన్ని నమ్మమనే పాఠం సగమే. ఒక్క పరికరాన్నే నమ్మొద్దన్నది మిగతా సగం.

తెలుగువాళ్ళు మరవలేని మరో రోజు 2009 సెప్టెంబర్ 2. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన హెలికాప్టర్ నల్లమలలో కూలి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా అందులోని ఐదుగురూ మరణించారు. ఉరుము మబ్బుల దగ్గర బలమైన గాలి కిందికి తోయడంతో అదుపు తప్పిందని విచారణ సంఘం తేల్చింది. చివరి నిమిషాల్లో సిబ్బంది ధ్యాస ఒక చమురు పీడన హెచ్చరిక మీద నిలిచిపోయిందని కూడా గుర్తించింది. మనుషుల ధ్యాస సహజంగానే ఒక్కచోటికి లాగబడుతుంది. దాన్ని పంచడం అభ్యాసంతో మాత్రమే వస్తుంది, అందుకే స్కాన్‌ను అన్ని గంటలు రుద్దుతారు.

కనిపించని దారులు

విమానాన్ని నిలకడగా నడపడం వచ్చాక, ఎక్కడున్నామో తెలుసుకోవడం తర్వాతి మెట్టు. వీఓఆర్ అనే రేడియో కేంద్రం రెండు సంకేతాలు పంపుతుంది. ఒకటి అన్ని దిక్కులకూ ఒకేలా ఉంటుంది, రెండోదాని దశ దిక్కును బట్టి మారుతుంది. రెండింటి తేడాను కొలిచి కాక్‌పిట్‌లోని సూది ‘కేంద్రానికి నువ్వు ఫలానా డిగ్రీల మీద ఉన్నావు’ అని చెబుతుంది. ఇలా ఒక్కో కేంద్రం చుట్టూ 360 కనిపించని దారులుంటాయి. మబ్బులో విమానాన్ని వేచి ఉండమంటే విద్యార్థిని వాటిలో ఒకదాని మీద పరుగు పందెపు ట్రాక్ ఆకారంలో తిరగాలి. దగ్గరికి వచ్చే వైపు ఒక నిమిషం, మలుపు ఒక నిమిషం. పక్కనుంచి వీచే గాలిని లెక్కించి అంతా సరిదిద్దుకోవాలి.

దిగే దశలో ఐఎల్‌ఎస్ అనే రేడియో వ్యవస్థ తోడుంటుంది. రన్‌వే చివర నుంచి 90, 150 హెర్ట్‌జ్‌ల స్వరాలను మోసే రెండు రేడియో పుంజాలు పక్కపక్కన వస్తాయి. రెండూ సమంగా వినబడితే రన్‌వే మధ్య గీత మీద ఉన్నట్టు. అలాంటివే మరో రెండు పుంజాలు నిలువున వచ్చి మామూలుగా 3 డిగ్రీల వాలును చూపిస్తాయి. ఆ వాలు ఎంతో తార్నాకవాసులు సులభంగా ఊహించుకోగలరు. తూర్పు నుంచి బేగంపేట రన్‌వేకు నేరుగా వచ్చే దారి తార్నాకకు కాస్త ఉత్తరంగా, మల్కాజిగిరి వైపు సాగుతుంది. రన్‌వే అంచుకు 6 కిలోమీటర్ల దూరంలో 3 డిగ్రీల వాలు మీదుండే విమానం ఎత్తు సుమారు 310 మీటర్లు. అక్కడి నుంచి ప్రతి కిలోమీటరుకూ 52 మీటర్లు దిగుతూ రావాలి.

మామూలు ఐఎల్‌ఎస్‌తో రన్‌వే కన్నా 200 అడుగుల ఎత్తు దాకా దిగొచ్చు. ఆ ఎత్తులో దీపాలైనా కనిపించాలి. కనిపించకపోతే క్షణం ఆలోచించకుండా పవర్ పెంచి పైకి పోవాలి. ఈ చదువులో విద్యార్థులకు అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇదేనని నా అభిప్రాయం. సూదుల్ని మధ్యలో నిలపడం చేతుల పని. ఇంత దూరం వచ్చి, కింద ఊరు ఉందని తెలిసి, ‘దొరకలేదు, వెనక్కి పోదాం’ అనుకోవడం మనసు పని. ‘ఇంకొంచెం దిగితే కనిపిస్తుందేమో’ అన్న ఆశ కూడా లోపలి చెవి లాంటిదే. దాని మాట కూడా వినకూడదు.

క్యాంపస్ పైన అయనోస్ఫియర్

ఐఎల్‌ఎస్ పరికరాలు ప్రతి చిన్న విమానాశ్రయంలోనూ పెట్టలేరు. ఉపగ్రహాల సాయంతో అలాంటి వాలును ఎక్కడైనా గీయగలమా అన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడే ఉస్మానియా విశ్వవిద్యాలయం కథలోకి వస్తుంది. క్యాంపస్‌లోని నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన, శిక్షణ విభాగాన్ని అందరూ ‘నెర్టు’ అంటారు. ఉపగ్రహ సంకేతాలు మన ఆకాశంలో ఎలా ఆలస్యమవుతాయన్నది అక్కడి ముఖ్య పరిశోధనాంశాల్లో ఒకటి.

జీపీఎస్ సంకేతం 20,000 కిలోమీటర్ల పైనుంచి వస్తూ వాతావరణపు పై పొర అయిన అయనోస్ఫియర్‌ను దాటుతుంది. అక్కడ సూర్యకాంతి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడదీస్తుంది. ఆ ఎలక్ట్రాన్ల గుంపు సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది. ఒక చదరపు మీటరు నిలువు స్తంభంలో 10 వేల లక్షల కోట్ల ఎలక్ట్రాన్లుంటే దాన్ని ఒక యూనిట్ అంటారు. ఒక్కో యూనిట్‌కు 16 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. 100 యూనిట్లయితే 16 మీటర్లు. రన్‌వే వైపు దిగే విమానానికి 16 మీటర్ల తప్పు చిన్నది కాదు.

ఐరోపా, అమెరికాల్లో ఈ పొర కాస్త నెమ్మదస్తురాలు. మన దగ్గర అలా కాదు. అయస్కాంత భూమధ్యరేఖ మీద పగటి విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్లను పైకి ఎగదోస్తుంది. అవి అయస్కాంత రేఖల వెంట ఇరువైపులా జారి ఉత్తరాన భోపాల్, అహ్మదాబాద్ ప్రాంతాల మీద పోగుపడతాయి. ఎలక్ట్రాన్లు పైకి లేచే చోటుకూ, పోగుపడే చోటుకూ మధ్యలో హైదరాబాద్ ఉంది. కొన్ని వందల కిలోమీటర్లలోనే ఆలస్యం బాగా మారిపోతుంది. సూర్యాస్తమయం తర్వాత ఈ పొరలో బుడగలు లేచి సంకేతం మినుకుమినుకుమంటుంది. అందుకే ఇతర దేశాల నమూనాను ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మనకు సరిపోదు.

ఇస్రో, భారత విమానాశ్రయాల సంస్థ కలిసి జీపీఎస్ తప్పును సరిదిద్దే ‘గగన్’ వ్యవస్థను కట్టేటప్పుడు అతి పెద్ద శాస్త్ర సమస్య ఇదే. దేశం నలుమూలలా రిసీవర్లు పెట్టి, ఏళ్ళ తరబడి ఎలక్ట్రాన్ల లెక్క తీశారు. మన ఆకాశానికి సరిపడే నమూనాను ఇస్రో తయారు చేసింది. నెర్టు లాంటి విశ్వవిద్యాలయ బృందాలు ఆ ఆలస్యాన్ని విశ్లేషించి పత్రాలు రాశాయి. నేల మీది కేంద్రాలు తప్పును లెక్కించి జీశాట్ ఉపగ్రహాల ద్వారా విమానాలకు పంపుతాయి. అంతకన్నా ముఖ్యంగా, సంకేతం నమ్మదగినదిగా లేకపోతే ‘నన్ను నమ్మొద్దు’ అని కొద్ది సెకన్లలోనే హెచ్చరిస్తాయి. 2015లో నిలువు మార్గదర్శకత్వంతో దిగడానికి గగన్‌కు ధ్రువీకరణ వచ్చింది. 2022 ఏప్రిల్ 28న ఇండిగో ఏటీఆర్ విమానం రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో గగన్ సాయంతో దిగి చూపించింది. తన లోపాన్ని తానే చెప్పుకోగల సాక్షి ఇది. మన చెవికి లేనిది ఆ గుణమే.

మబ్బు లోపలికి

ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు అంతర్జాతీయ ప్రమాణం 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయం. అందులో కొంత సిమ్యులేటర్ మీద చేయొచ్చు. సిమ్యులేటర్‌లో నేర్చుకునేది పద్ధతి: డయళ్ళ వరుస, రేడియో మాటలు, చార్టు చదవడం. విమానంలోనే నేర్చుకోగలిగేది మాత్రం ఒళ్ళు అబద్ధం చెబుతున్నప్పుడు చేతుల్ని కదలనివ్వకపోవడం. నేలకు బిగించిన సిమ్యులేటర్‌లో చెవి మౌనంగానే ఉంటుంది.

నాలుగైదు వారాలకే విద్యార్థినిలో మార్పు కనిపిస్తుంది. మొదట ఒక్కో డయల్‌ను చదివి, అర్థం చేసుకుని, అప్పుడు చేయి కదిపేది. ఇప్పుడు ఆరు డయళ్ళూ కలిసి ఒక చిత్రంగా కనబడతాయి. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌తో మాట్లాడుతూనే ఎత్తు నిలుపుతుంది, వచ్చే మలుపును ముందే ఊహిస్తుంది. భ్రమ మాత్రం పోదు. ఎన్ని వేల గంటలు ఎగిరినా లోపలి చెవి మారదు. అనుభవజ్ఞులైన పైలట్లకూ ఒరిగిన భావన కలుగుతూనే ఉంటుంది. శిక్షణ ఆ భావనను చెరపలేదు. దాన్ని పట్టించుకోకుండా పని చేయడం నేర్పుతుంది. ఈ నేర్పు వాడకపోతే తరిగిపోతుంది కాబట్టే రేటింగ్ వచ్చాక కూడా క్రమం తప్పకుండా పరీక్షలు పెడతారు.

జనవిజ్ఞానం చదివేవాళ్ళకు ఈ చదువులో విమానాన్ని మించిన విషయం ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ‘నాకు అనిపించింది’ అన్నది మనిషికి దొరికే తొలి సాక్ష్యం, చాలాసార్లు ఏకైక సాక్ష్యం కూడా. దాన్ని పక్కన పెట్టి, ఒకదానికొకటి సంబంధం లేని మూడు ఆధారాలను అడిగి, అవి ఏకీభవిస్తేనే అడుగు వేయడం సైన్స్ పద్ధతి. ప్రయోగశాలలో ఆ పద్ధతికి ఏళ్ళు తీసుకోవచ్చు. హుడ్ కింద కూర్చున్న ఇరవై ఏళ్ళ అమ్మాయి దాన్ని ప్రతి రెండు సెకన్లకూ ఒకసారి చేస్తుంది. అలా చేయడానికి ఆమెకు అసాధారణ ధైర్యం అవసరం లేదు. హబ్సిగూడలో అయస్కాంత సూదిని కనిపెట్టి ఉన్నవాళ్ళూ, ఉస్మానియాలో ఎలక్ట్రాన్లను లెక్కపెట్టినవాళ్ళూ, పక్క సీటులో కూర్చుని డయళ్ళు కప్పేసిన ఇన్‌స్ట్రక్టరూ కలిసి ఆమెకు నమ్మదగిన సాక్షుల్ని ఇచ్చారు. ఆ సాక్షుల్ని విడివిడిగా ప్రశ్నించడం, వాళ్ళు ఒక్క మాట మీద లేకపోతే మబ్బులోకి వెళ్ళనని చెప్పగలగడం ఆమె నేర్చుకుంది. రేటింగ్ పత్రం మీద విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వేసే ముద్రకు అసలు అర్థం అదే.